ముందుకు నెట్టలేనివాడి పన్ను

పన్నుల మీద తగువు సూరత్‌కు కొత్త కాదు. 1844లో కంపెనీ ప్రభుత్వం ఉప్పు సుంకాన్ని మణుగుకు అర్ధరూపాయి నుంచి ఏకంగా రూపాయికి పెంచితే ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. సర్కారు వెనక్కి తగ్గక తప్పలేదు. 1878లో కరువు నిధి పేరు చెప్పి వ్యాపారుల మీద లైసెన్సు పన్ను వేస్తే బజార్లు మూతపడ్డాయి, అల్లర్లు చెలరేగాయి, కాల్పులు జరిగాయి. 1928లో అదే జిల్లాలోని బార్డోలీ తాలూకా భూమిశిస్తు పెంపును ఎదిరించి నిలబడింది. వల్లభ్‌భాయ్ పటేల్ సర్దార్ అయింది అక్కడే. మరో రెండేళ్లకు గాంధీ నడుచుకుంటూ చేరిన దండి కూడా అప్పటి సూరత్ జిల్లాలోదే.

ఈ పోరాటాల్లో ఎవరి భారం ఎవరు మోశారో చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. ఉప్పు అందరిదీ. కూలివాడి గంజిలోనూ పడేది కాబట్టి ఆ పన్ను వాడి నోటిదాకా పోయింది. లైసెన్సు పన్ను అలా కాదు. అది చిన్న దుకాణదారునీ పట్టింది గానీ జీతాలు తీసుకునే ఉద్యోగులనూ, ఫీజులు తీసుకునే వకీళ్లనూ వదిలేసింది. పెద్ద షావుకారుకు ఒక గరిష్ఠ మొత్తం పెట్టి, అది దాటకుండా కాపాడింది. నూటయాభై ఏళ్ల కిందటి ఆ మినహాయింపుల జాబితా చదువుతుంటే ఇప్పటిదే అనిపిస్తుంది. బార్డోలీలో 22 శాతం పెంపు విచారణ తర్వాత 6 శాతం దగ్గరకు దిగివచ్చింది. అయితే ఆ లాభం భూమి ఉన్న పాటీదార్, అనావిల్ కులాలవాళ్లది. వాళ్ల పొలాల్లో అప్పుకు కట్టుబడి తరతరాలుగా వెట్టి చేస్తున్న దుబ్లా కూలీలకు, అంటే ‘హాలీ’లకు, శిస్తు తగ్గినా పెరిగినా కూలి అదే. బార్డోలీని చిన్నబుచ్చాలని ఈ మాట అనడం లేదు. అందుకు భిన్నంగా మన పల్నాడులో 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణం తీసిన పుల్లరి తగాదా అడవిలో గొడ్డు మేపుకునేవాడిది. పన్ను మీద తిరుగుబాటు అన్నప్పుడల్లా తిరగబడింది ఎవరని అడగడం అలవాటు చేసుకోవాలని మాత్రమే అంటున్నాను.

పన్ను భారం న్యాయంగా పడుతోందా అంటే మన దగ్గర రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. దేశంలో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేది గుప్పెడు మందే, మిగతావాళ్లంతా వాళ్ల సొమ్ము మీద ఉచితాలు అనుభవిస్తున్నారన్నది ఒకటి. అగ్గిపెట్టె కొన్నవాడు కూడా పన్ను కడుతున్నాడు, సబ్బు మీద కోటీశ్వరుడికీ అడ్డా కూలీకీ రేటు ఒకటే అన్నది రెండోది. రెండూ అబద్ధాలు కావు. రెండింటిలోనూ లోపం మాత్రం ఒకటే ఉంది. చలానా ఎవరి పేరు మీద ఉందో, బిల్లులో ఎంత రాసి ఉందో చూసి ఆగిపోతాయి. పన్ను వేసిన చోట నిలిచి ఉండదు. చేతనైనవాడు దాన్ని పక్కవాడి మీదికి నెడతాడు, ఆ పక్కవాడు ఇంకొకడి మీదికి. చివరికి ఎవరి దగ్గర నుంచి ముందుకు కదలదో వాడే అసలు పన్నుదారు. ఈ సంగతి చూడాలంటే సూరత్ కంటే మంచి చోటు లేదు.

సూరత్‌లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఎక్కువమంది కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి సాంచాల, అంటే మరమగ్గాల, పని మీద వెళ్లిన పద్మశాలీలు. లింబాయత్, పర్వత్ పాటియా, డిండోలీ వైపు తెలుగు బోర్డులు కనిపిస్తాయి. మున్సిపల్ కార్పొరేషన్ నడిపే బడుల్లో తెలుగు మీడియం బడులూ ఉన్నాయి. సాంచా మీద పని మీటరు లెక్క. ఎన్ని మీటర్లు దిగితే అన్ని పైసలు. నేసిన తానును ‘తాకా’ అంటారు. ఒడిశా గంజాం జిల్లా వాళ్లూ, మనవాళ్లూ పక్కపక్క సాంచాల మీద పన్నెండేసి గంటలు నిలబడి తాకాలు దించుతారు. రంగు వేయని ఆ గ్రే బట్ట ప్రాసెసింగ్ మిల్లుకు పోయి రంగు, ప్రింటు వేసుకుని రింగ్ రోడ్డు మార్కెట్లకు చేరుతుంది. అక్కడి నుంచి ఎంబ్రాయిడరీకి, లేసు కుట్టడానికి, రాళ్లు అతకడానికి లింబాయత్ లాంటి వాడల్లో ఆడవాళ్ల చేతుల్లోకి వస్తుంది. దారాలు కత్తిరించి, మడత పెట్టి మళ్లీ రింగ్ రోడ్డుకు. ఒక్క చీర పెట్టెలో పడేలోగా ఎన్ని గడపలు తొక్కుతుందో లెక్క కట్టడం కష్టం.

ఈ గొలుసు మీదికే 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. 1957 నుంచి బట్ట మీద అమ్మకం పన్ను ఉండేది కాదు, దానికి బదులు ఎక్సైజ్ వైపు అదనపు సుంకం ఉండేది. తర్వాత ఆ ఎక్సైజ్ కూడా చాలావరకు ఐచ్ఛికమైంది. అలాంటి బట్ట మీద 5 శాతం, కృత్రిమ నూలు మీద 18 శాతం అన్నారు. రింగ్ రోడ్డు మార్కెట్లు రెండు వారాలకు పైగా షట్టర్లు దించేశాయి. వేలమంది ఊరేగారు, లాఠీలు కూడా లేచాయి. అప్పట్లో పత్రికలు ఎక్కువగా దాన్ని పన్ను రేటు మీద పోరాటంగా రాశాయి. నన్నడిగితే వ్యాపారుల భయం 5 శాతం కాదు, లెక్క. కచ్చా కాగితం మీద రాసుకునే సరుకు, నోటి మాట మీద నడిచే అరువు, ఆరు నెలలకు వచ్చే చెల్లింపు ఒక్కసారిగా కంప్యూటర్ తెర మీద కనిపించాలన్నారు. అందులో దాచుకోవలసినది ఉన్నవాడూ ఉన్నాడు, దాచుకోవడానికి ఏమీ లేక గుమాస్తాను పెట్టుకోలేనివాడూ ఉన్నాడు. ఇద్దరూ ఒకే ఊరేగింపులో నడిచారు.

అసలు గుచ్చుకున్నది ఇంకోచోట. అక్టోబరు 2017లో నూలు రేటు 12 శాతానికి తగ్గించారు. అయినా బట్ట మీద 5 శాతమే. వంద రూపాయల నూలు కొన్న మగ్గాల యజమాని 12 రూపాయలు కట్టాడు. దాంతో నేసిన బట్టను నూటయాభైకి అమ్మితే వసూలయ్యే పన్ను ఏడున్నర. మిగతా నాలుగున్నర రూపాయలు క్రెడిట్‌గా పుస్తకంలో మిగిలిపోతాయి. వేరే సరుకుల్లో ఆ సొమ్ము రీఫండ్ వచ్చేది, బట్టకు మాత్రం ఇవ్వబోమన్నారు. 2018 ఆగస్టు నుంచి ఇస్తామని, అప్పటిదాకా పోగుపడ్డది మాత్రం రద్దయిపోతుందని చెప్పారు. ఆ రద్దు చెల్లదని 2019లో గుజరాత్ హైకోర్టు తీర్పిచ్చింది. రీఫండ్ లెక్కలో కొత్త మగ్గాల మీద కట్టిన పన్ను రాదు. అది పెట్టుబడి సరుకు అని పక్కన పెట్టారు. ఈలోగా పాత సాంచాలను తుక్కు కింద తూకానికి అమ్ముకున్నవాళ్లున్నారు.

ఆ నాలుగున్నర ఎవరు మోశారు? నూలు తయారుచేసేవి కొద్ది పెద్ద కంపెనీలు. వాటితో బేరమాడే బలం చిన్న మగ్గాల యజమానికి లేదు. రింగ్ రోడ్డు వ్యాపారి ధర పెంచనివ్వడు, పైగా అరువు గడువు పెంచమంటాడు. మిగిలింది సాంచా మీద నిలబడ్డవాడు. వాడి మీటరు రేటు తగ్గించనక్కర్లేదు, పెంచకుండా ఉంటే చాలు. ధరలు పెరుగుతున్నప్పుడు పెరగని కూలి అంటే తగ్గిన కూలే. ఇంట్లో కూర్చుని లేసు కుట్టే ఇల్లాలికి జీఎస్టీ నంబరు లేదు, అక్కర్లేదు కూడా. ఏడాదికి 20 లక్షల లోపు సేవలకు రిజిస్ట్రేషన్ మినహాయింపు ఉంది. చట్టం ఆమెను పన్ను నుంచి తప్పించింది. కానీ మార్కెట్ చీరకు అయిదు రూపాయలిచ్చే చోట నాలుగున్నర ఇచ్చి ఆ మినహాయింపును తనవైపు లాక్కుంటే ఆపేదెవరు?

2021లో ఈ తలకిందుల నిర్మాణాన్ని సరిచేస్తామని జీఎస్టీ కౌన్సిల్ బయలుదేరింది. నూలు తగ్గించి కాదు, బట్టను 12 శాతానికి పెంచి. 2022 జనవరి 1న అమలు కావలసింది, ముందు రోజు డిసెంబరు 31న వాయిదా పడింది. సూరత్ వ్యాపారులతో పాటు మన చేనేత ప్రాంతాలూ గట్టిగా అరిచాయి. చేనేత మీద జీఎస్టీ సున్నా చేయాలని 2022లో అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్ ప్రధానికి పోస్టుకార్డుల ఉద్యమం నడిపారు. చివరకు 2025 సెప్టెంబరు 22 నుంచి కృత్రిమ పీచు 18 నుంచి, నూలు 12 నుంచి 5 శాతానికి దిగాయి. ఎనిమిదేళ్లు పట్టింది. సబ్బులు, పేస్టు, తలనూనె కూడా అదే రోజు 18 నుంచి 5కు వచ్చాయి. పేదల బుట్టలోని సరుకు మీద ఎనిమిదేళ్లు అంత పన్ను వేసిన సంగతిని ఆ దీపావళి హడావిడిలో ఎవరూ పెద్దగా గుర్తు చేయలేదు.

దేశం మొత్తం మీద లెక్క ఎలా ఉంది? జీఎస్టీలో దాదాపు 64 శాతం కింది సగం జనాభా నుంచే వస్తోందని 2023 జనవరిలో ఆక్స్‌ఫామ్ ఒక నివేదికలో చెప్పింది. ఆ అంకె నెలల తరబడి వేదికల మీద తిరిగింది. తర్వాత జాతీయ పబ్లిక్ ఫైనాన్స్ సంస్థలో వినియోగ సర్వే ఆధారంగా వేసిన లెక్కలో కింది సగం వాటా మూడో వంతుకు లోపే తేలింది. నాకు రెండోదే నమ్మదగినదిగా కనిపిస్తుంది. కింది సగం చేసే మొత్తం ఖర్చే తక్కువ. అందులో బియ్యం, కూరగాయలు, ఇంటి అద్దె లాంటి పన్ను లేనివి ఎక్కువ. అలాంటప్పుడు పన్నులో మూడింట రెండు వంతులు వాళ్లదే ఎలా అవుతుంది? పేదల పక్షం మాట్లాడుతున్నామని నిలబడని అంకెను పట్టుకు వేలాడితే ఆ పక్షానికే నష్టం.

అయితే వాటా తగ్గినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు. ఊహకు ఒక లెక్క వేద్దాం. నెలకు 18 వేలు సంపాదించి అంతా ఖర్చు పెట్టే సాంచా కార్మికుడి బుట్ట మీద సగటున 5 శాతం పన్ను పడిందనుకోండి, 900 రూపాయలు. అయిదు లక్షలు సంపాదించి లక్షన్నర ఖర్చు పెట్టే వ్యాపారి బుట్ట మీద అంతకు రెట్టింపు, 10 శాతం పడిందనుకోండి, 15 వేలు. వ్యాపారి దాదాపు పదిహేడు రెట్లు ఎక్కువ కట్టాడు, ఆ మాట నిజం. కానీ కార్మికుడి సంపాదనలో అది 5 శాతం, వ్యాపారి సంపాదనలో 3 శాతం. మిగిలిన మూడున్నర లక్షలు వినియోగ పన్నుకు కనిపించవు. అవి స్థలమో, షేరో, వజ్రమో అవుతాయి.

వజ్రం మాట వచ్చింది కాబట్టి. ప్రపంచంలో సానపట్టే ముడి వజ్రాల్లో తొంభై శాతం దాకా సూరత్ చేతుల మీదుగానే పోతాయంటారు. మహీధర్‌పురా వీధిలో స్కూటర్ల సీట్ల మీద తెల్ల కాగితం పొట్లాలు విప్పి, భూతద్దం కంటికి ఆనించి బేరాలు చేసుకుంటారు. ఆ పొట్లంలోని మెరుగు పెట్టిన రాయి మీద జీఎస్టీ 2017లో 3 శాతం, 2018లో 0.25కు దించారు, 2022 జూలైలో 1.5 చేశారు. అదే వీధిలో టీతో పాటు తినే బిస్కెట్ మీద మొన్నటిదాకా 18. దీన్ని చూపి గుండెలు బాదుకోవడం తేలిక. నేను అంత దూరం పోను. సూరత్ రాయిలో చాలాభాగం ఎగుమతికే, దాని మీద ఎలాగూ పన్ను ఉండదు. జేబులో పట్టే సరుకు మీద రేటు పెంచితే అది జేబులోనే దేశం దాటుతుంది. ఆ వాదనలో నిజముంది. కాకపోతే ఒక్క సంగతి. తప్పించుకోగలిగిన సరుకుకు తక్కువ రేటు, తప్పించుకోలేని సరుకుకు ఎక్కువ రేటు అనే ఈ సూత్రం రాళ్ల దగ్గర ఆగలేదు. మనుషులకూ అదే వర్తించింది.

ప్రత్యక్ష పన్నుల కథ చూడండి. ఆర్థికవేత్త కాల్డార్ సలహా మీద 1957లో సంపద పన్ను, మరుసటి ఏడాది బహుమతి పన్ను వచ్చాయి. 1953 నుంచే ఎస్టేట్ డ్యూటీ, అంటే చనిపోయినవారి ఆస్తి మీద పన్ను ఉంది. ఎస్టేట్ డ్యూటీని 1985లో వి.పి. సింగ్ ఎత్తేశారు, బహుమతి పన్ను 1998లో పోయింది, సంపద పన్నును 2015 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ తీసేశారు. ప్రతిసారీ చెప్పిన కారణం ఒకటే, వసూలు తక్కువ, తలనొప్పి ఎక్కువ. సంపద పన్ను కింద 2013-14లో వచ్చింది వెయ్యి కోట్ల పైచిలుకు మాత్రమే. మాట నిజమే. ఎందుకు తక్కువ వచ్చిందో కూడా చెప్పాలి కదా. 1993 నుంచి ఆ పన్ను పరిధిలో షేర్లే లేవు. అదనపు ఇళ్లు, నగలు, కార్లు లాంటివి ఉన్నాయి. పెద్ద సంపద ఎక్కడ ఉందో దాన్ని వదిలేసి, మిగతా చోట వల వేసి, చేపలు పడలేదని వలను తప్పుపట్టారు. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి దించారు, ఏడాదికి లక్షా 45 వేల కోట్లు వదులుకుంటున్నామని అప్పుడే ప్రకటించారు. 2023లో కొత్త విధానం కింద అత్యధిక ఆదాయాల మీద సర్‌చార్జీ 37 నుంచి 25 శాతానికి తగ్గింది. వ్యక్తుల ఇన్‌కమ్ ట్యాక్స్ వసూళ్లు కంపెనీల పన్నును దాటిపోయాయి.

2025లో 12 లక్షల దాకా పన్ను లేదన్నారు, మధ్యతరగతికి ఊరట, బాగానే ఉంది. కానీ జీతగాడి లెక్క ఫారం 16లో పైసలతో సహా ఉంటుంది. దేశ సంపదలో 40 శాతం, పైమెట్టున ఉన్న ఒక శాతం జనం చేతుల్లోనే ఉందని ఆర్థికవేత్తలు పికెట్టీ, అన్మోల్ సోమంచి తదితరులు 2024 మార్చిలో లెక్క తేల్చారు. నికర సంపదతో పోల్చి చూస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ పైమెట్టులో తిరోగామిగా మారుతూ ఉండవచ్చని కూడా అన్నారు. సంపద పెరుగుతున్నంతకాలం పన్ను లేదు, అమ్మినప్పుడే పన్ను. అమ్మకుండా తాకట్టు పెట్టి వాడుకోగలవాడికి ఆ రోజు రానక్కర్లేదు. వాళ్ల మీద పన్ను వేస్తే దుబాయ్ పోతారన్న భయం ఉత్తదని నేననను. పోయేవాళ్లు పోతారు. అయితే ఆ భయం పనిచేసేది పోగలిగినవాళ్ల విషయంలోనే.

ఇక మన రాష్ట్రాల సంగతి. గుజరాత్ పుట్టినప్పటి నుంచి మద్యనిషేధమే కాబట్టి అక్కడి ఖజానాకు మందు మీద పన్ను దాదాపు లేదు. దొంగచాటుగా దొరకదని కాదు. అక్కడ పోయే సొమ్ము సర్కారుకు పోదు. సూరత్ నుంచి దసరాకు ఇంటికొచ్చే సిరిసిల్ల సాంచా కార్మికుడు ఊళ్లో అడుగుపెట్టగానే రాష్ట్రానికి పెద్ద పన్నుదారు అవుతాడు. సీసా ధరలో ఎక్కువ భాగం పన్నే. ఈ దేశంలో పేదవాడి సంపాదనలోంచి అంత పెద్ద ముక్క తీసుకునే పన్ను ఇంకోటి లేదు. పాపభయం వల్ల దాన్ని పన్నుగా మనం లెక్కించం. దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా ఉద్యమం ఫలితంగా 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో ఎందుకు సడలిందో అందరికీ తెలిసిందే. ఖజానా ఆగలేకపోయింది. పెట్రోలూ అంతే. తెలంగాణలో వ్యాట్ 35.2 శాతం, గుజరాత్‌లో వ్యాట్, సెస్సు కలిపినా అందులో సగం. వలస పోయినవాడు బండిలో నూనె పోయించుకునేటప్పుడు లాభపడే అరుదైన సందర్భం అది.

జీఎస్టీ వినియోగం జరిగిన రాష్ట్రానికి పోతుంది. అందువల్ల సూరత్‌లో నేసిన చీర కరీంనగర్‌లో అమ్ముడుపోతే రాష్ట్ర వాటా తెలంగాణది. దాన్ని నేసినవాడు లింబాయత్‌లో కొన్న సబ్బు మీద రాష్ట్ర వాటా గుజరాత్‌ది. వాడి తల్లిదండ్రుల ఆసుపత్రి, బహుశా పిల్లల బడి, ఓటు అన్నీ కరీంనగర్‌లో. కట్టినచోట అడిగే హక్కు లేదు, అడిగే హక్కు ఉన్నచోట కట్టినట్టు నమోదు లేదు.

అన్నింటికంటే సూటిగా కనిపించే పన్ను వృత్తి పన్ను. గుజరాత్‌లో నెలకు 12 వేలు దాటిన జీతం మీద 200 రూపాయలు. సూరత్‌లోని వరాఛాలో ఘంటీ అనే సానచక్రం దగ్గర కూర్చుని రాళ్లు సానపట్టే రత్నకళాకారుడికి ఏడాదికి 2,400. వజ్రాలకు గిరాకీ పడిపోయి కర్మాగారాలు వారానికి కొన్ని రోజులే తెరిచిన ఈమధ్య సంవత్సరాల్లో కార్మిక సంఘం అడిగినవాటిలో ఈ పన్ను తీసేయమన్నదీ ఒకటి. 2025 మేలో రాష్ట్ర ప్రభుత్వం పని పోయినవాళ్ల పిల్లల ఫీజులకు ఏడాదికి 13,500 దాకా సాయం ప్రకటించింది. ఆ రత్నకళాకారుడికి పనిచ్చే సేఠ్ కట్టే వృత్తి పన్ను ఎంత? ఎంత సంపాదించినా ఏడాదికి 2,500 దాటడానికి వీల్లేదు. రాజ్యాంగం 276వ అధికరణం అలా కట్టడి చేసింది. 1950లో ఆ హద్దు 250 రూపాయలు, 1988లో 60వ సవరణతో 2,500 అయింది. దాన్ని 12 వేలకు పెంచమని 14వ ఆర్థిక సంఘం సిఫారసు చేసింది. పార్లమెంటు ఆ సవరణ ఇప్పటిదాకా చేపట్టలేదు.